అమెరికా చారిత్రక దీపస్తంభాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలో మొదటి దీపస్తంభం ఎక్కడ, ఎప్పుడు వెలిగింది?

బోస్టన్ రేవు ముంగిట లిటిల్ బ్రూస్టర్ అనే చిన్న రాతి దీవి ఉంది. దాని మీద 1716 సెప్టెంబరు 14న వెలిగిన బోస్టన్ లైట్ మొదటిది. అప్పటికి అమెరికా అనే దేశం పుట్టలేదు, మసాచుసెట్స్ బ్రిటిష్ వారి వలస ప్రాంతం. దీపం ఖర్చుకోసం రేవులోకి వచ్చే ఓడకు టన్నుకు ఒక పెన్నీ, బయటికి పోయేటప్పుడు మరొక పెన్నీ చొప్పున సుంకం విధించారు. మంచు కమ్మి దీపం కనబడని రోజుల్లో ఓడలకు సంజ్ఞ ఇవ్వడానికి 1719లో అక్కడ ఒక ఫిరంగిని కూడా పెట్టారు.

మొదటి సంరక్షకుడు జార్జి వర్తిలేక్ ఆ పనిలో చేరి రెండేళ్లు దాటీ దాటకముందే, 1718 నవంబరులో దీవికి తిరిగి వస్తూ పడవ బోల్తాపడి భార్యతోనూ కూతురితోనూ సహా మునిగిపోయాడు. ఆ దుర్ఘటన మీద పన్నెండేళ్ల బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఒక పాట కట్టి, అన్నగారి అచ్చుకూటంలో ముద్రించిన ప్రతులను బోస్టన్ వీధుల్లో తిరిగి అమ్మాడు. పాట బాగా అమ్ముడుపోయిందని, కవిత్వంగా మాత్రం అది పనికిమాలినదని పెద్దయ్యాక ఆయనే రాసుకున్నాడు.

అయితే ఇప్పుడు నిలిచి ఉన్నవాటిలో అన్నిటికంటే పాతది బోస్టన్ లైటేనా?

కాదు. చాలామంది పొరబడేది ఇక్కడే. దీపం వెలిగిన స్థలంగా బోస్టన్ అన్నిటికంటే పాతది, కానీ 1716 నాటి కట్టడం ఇప్పుడు లేదు. స్వాతంత్ర్య సమరంలో 1775లో అమెరికన్లే దానికి రెండుసార్లు నిప్పుపెట్టారు. మరుసటి ఏడు జూన్‌లో బ్రిటిష్ నౌకలు రేవు విడిచి వెళ్తూ వెళ్తూ మందుగుండు పెట్టి దాన్ని పేల్చేశాయి. ఇప్పుడు కనిపించే స్తంభం 1783లో కట్టినది, 1859లో దాని ఎత్తును 89 అడుగులకు పెంచారు.

మొదట కట్టిన రూపంలోనే నిలిచి, నేటికీ వెలుగుతున్న వాటిలో అతి పాతది న్యూజెర్సీలోని శాండీ హుక్ దీపస్తంభం. న్యూయార్క్ రేవులోకి వచ్చే ఓడలు ఇసుక తిప్పల మీద ఎక్కి సరుకు నష్టపోతుండటంతో, అక్కడి వర్తకులు ఒత్తిడి తెచ్చి లాటరీ ద్వారా డబ్బు పోగుచేయించారు. ఎనిమిది పలకలుగా, 103 అడుగుల ఎత్తున కట్టిన ఆ స్తంభం 1764 జూన్‌లో వెలిగింది. 1776లో అది బ్రిటిష్ నౌకలకు దారి చూపకూడదని అమెరికన్లు ముందుగా దీపాలు ఊడదీసుకుపోయారు, తర్వాత ఫిరంగులతో దాడి కూడా చేశారు. గోడలు ఎంత గట్టివంటే, ఆ గుండ్లు వాటిని ఏమీ చేయలేకపోయాయి.

శాండీ హుక్ విషయంలో మరొక విచిత్రం ఉంది. కట్టినప్పుడు అది భూభాగపు కొననుంచి సుమారు 500 అడుగుల దూరంలో ఉండేది, ఇప్పుడు ఆ కొన దాదాపు మైలున్నర అవతలికి జరిగింది. తీరం వెంబడి ప్రవాహాలు మోసుకొచ్చిన ఇసుక రెండున్నర శతాబ్దాలుగా అక్కడ మేటవేస్తూనే ఉంది. మిగతా చోట్ల దీపస్తంభాలను మింగిన ఇసుక, ఈ ఒక్కదానికి మాత్రం సముద్రాన్ని దూరం జరిపి కాపు కాసింది.

దీపస్తంభాల బాధ్యత కేంద్ర ప్రభుత్వం ఎప్పుడు తీసుకుంది?

కొత్త రాజ్యాంగం కింద కాంగ్రెస్ కొలువుతీరిన కొద్ది నెలలకే, 1789 ఆగస్టు 7న చేసిన చట్టంతో తీసుకుంది. అది ఆ కాంగ్రెస్ చేసిన తొమ్మిదవ చట్టం. సైన్యం, న్యాయస్థానాలు, పన్నుల వంటి పెద్ద పనులన్నీ ఎదురుచూస్తుండగా దీపస్తంభాలకు అంత ముందువరసలో చోటు దొరకడానికి కారణం తేలికగానే అర్థమవుతుంది. కొత్త ప్రభుత్వానికి రాబడి ప్రధానంగా రేవుల్లో వసూలయ్యే దిగుమతి సుంకాలనుంచి రావాలి. ఓడ మునిగితే సుంకమూ మునిగినట్టే. అందుకే ఈ శాఖను ఖజానా మంత్రి అలెగ్జాండర్ హామిల్టన్ కింద పెట్టారు. సంరక్షకుల నియామకాలను కూడా కొన్నాళ్లపాటు అధ్యక్షుడు జార్జి వాషింగ్టన్ స్వయంగా చూశాడు.

ఆ చట్టం కింద ప్రభుత్వం తన డబ్బుతో మొదట కట్టించినది వర్జీనియాలో చెసపీక్ అఖాతం ముఖద్వారం దగ్గరున్న కేప్ హెన్రీ దీపస్తంభం. జాన్ మెకోంబ్ అనే మేస్త్రీ 15,200 డాలర్లకు గుత్తకు తీసుకుని 1792లో పూర్తిచేశాడు. 1872లో గోడల్లో బీటలు కనిపించగానే అధికారులు కంగారుపడి, పక్కనే పోత ఇనుముతో కొత్త స్తంభం కట్టించి 1881లో వెలిగించారు. కూలుతుందనుకున్న పాత స్తంభం మాత్రం ఈనాటికీ కూలలేదు, రెండూ పక్కపక్కనే నిలబడి ఉన్నాయి.

ఇన్ని దీపస్తంభాలు ఉన్నా, 19వ శతాబ్దపు తొలి సగంలో అమెరికా దీపాలకు చెడ్డపేరు ఎందుకు వచ్చింది?

దీనికి జవాబు ఒక గుమాస్తా కథ. 1820నుంచి 1852 వరకు దేశంలోని దీపస్తంభాలన్నీ ఖజానా శాఖలో ఐదవ ఆడిటర్‌గా ఉన్న స్టీఫెన్ ప్లెజంటన్ చేతికింద ఉండేవి. ఆయన చెడ్డవాడు కాదు, అవినీతిపరుడని కూడా చెప్పలేం. 1814లో బ్రిటిష్ సైన్యం వాషింగ్టన్ నగరం మీదికి వస్తున్నప్పుడు, స్వాతంత్ర్య ప్రకటన మూలప్రతిని ముతక నార సంచుల్లో కట్టించి బండిమీద ఊరు దాటించినవారిలో ఆయన ముఖ్యుడు. కానీ ఆయనకు నౌకాయానం తెలియదు, దీపాల శాస్త్రమూ తెలియదు. తెలిసినదల్లా లెక్కలు. ఏడాది చివర మిగులు చూపించడమే దక్షత అని నమ్మినవాడి చేతిలో, 55గా ఉన్న దీపస్తంభాల సంఖ్య 300 దాటింది.

సాంకేతిక విషయాల్లో ఆయన పూర్తిగా విన్‌స్లో లూయిస్ అనే మాజీ ఓడ కెప్టెన్ మీద ఆధారపడ్డాడు. లూయిస్ అమ్మిన దీపాల్లో వంకర తిరిగిన పల్చటి అద్దాల రేకులు, వాటి ముందు పచ్చటి సీసాగాజు కటకం ఉండేవి. ఆ కటకం వెలుగును పెంచకపోగా తగ్గించేది. రేకుల మీది వెండిపూత, తుడిచిన కొద్దీ పోయేది. కట్టడాలను కూడా తక్కువ ధరకు పాడినవారికే ఇవ్వడంవల్ల, సున్నంలో ఉప్పునీటి ఇసుక కలిపి కట్టిన స్తంభాలు పదేళ్లకే ఉబ్బి పగిలాయి. 1843లో ఈ లోపాలన్నిటినీ ఎత్తిచూపుతూ నివేదిక రాసినవాడు లూయిస్ కుటుంబానికే చెందిన ఇంజనీరు కావడం గమనించదగ్గది.

ఈలోగా ఫ్రాన్సులో అగస్టిన్ ఫ్రెనెల్ తయారుచేసిన కటకం 1823లోనే కోర్డువాన్ దీపస్తంభంలో వెలిగింది. అమెరికాలో మొదటిది 1841లో న్యూజెర్సీలోని నేవసింక్‌కు గాని రాలేదు. అదీ నావికాదళ అధికారి మాథ్యూ పెర్రీ పట్టుబట్టి ఐరోపానుంచి తెప్పిస్తేనే వచ్చింది. ఖరీదు ఎక్కువన్నదే ప్లెజంటన్ అభ్యంతరం. కాంగ్రెస్ 1851లో నౌకాధికారులతో, ఇంజనీర్లతో, శాస్త్రజ్ఞులతో ఒక సంఘాన్ని వేసి విచారణ జరిపించింది. ఆ నివేదికను చూశాక 1852లో ఆయన చేతినుంచి పని తీసేసి, లైట్‌హౌస్ బోర్డును ఏర్పాటుచేసింది. తుపానులు కూల్చిన దీపస్తంభాలకంటే ఈ ముప్ఫైరెండేళ్ల పొదుపు పాడుచేసినవే ఎక్కువని ఈ పేజీ రాసినవారి అభిప్రాయం.

ఫ్రెనెల్ కటకంలో అంత గొప్ప ఏముంది?

మామూలు దీపం వెలుగు అన్ని దిక్కులకూ చెదిరిపోతుంది. ఆకాశానికీ, నేలకూ, వెనకనున్న గోడకూ పోయే వెలుగు ఓడకు పనికిరాదు. దాన్నంతా సముద్రం వైపు మళ్లించాలంటే చాలా పెద్ద కటకం కావాలి. అంత పెద్ద గాజు దిమ్మను పోతపోయడం కష్టం, పోసినా దాని మందంలోనే సగం వెలుగు ఇంకిపోతుంది. ఫ్రెనెల్ చేసిన పని ఏమిటంటే, కటకానికి నిజంగా అవసరమైనది దాని పైవంపు మాత్రమే గాని లోపలి గాజు కాదని గ్రహించి, ఆ వంపును ముక్కలుగా కోసి, వలయాలుగా పేర్చడం. మధ్యలోని వలయాలు వెలుగును వంచుతాయి, పైనా కిందా ఉన్న పట్టకాలు దాన్ని లోపలే ప్రతిఫలింపజేసి అదే దిక్కుకు తిప్పుతాయి. ఒక్క నూనెదీపం వెలుగు ఇరవై మైళ్ల దూరానికి కనబడటం దీనివల్ల సాధ్యమైంది.

ఈ కటకాలకు పరిమాణాన్నిబట్టి శ్రేణులు ఉండేవి. మొదటి శ్రేణి కటకం లోపలి వ్యాసం 1.84 మీటర్లు, అంటే లోపల ఒక మనిషి నిలబడి తుడవవచ్చు. కాలిఫోర్నియాలోని పిజియన్ పాయింట్ కటకంలో 1,008 పట్టకాలు ఉన్నాయి. అమెరికాలో అన్నిటికంటే పెద్దది హవాయిలోని మకాపూ పాయింట్‌లో 1909నుంచి ఉన్నది. బరువైన కటకాన్ని నెమ్మదిగా తిప్పడానికి గడియారంలో ఉండేలాంటి యంత్రం, దానికి వేలాడే బరువు ఉండేవి. కొన్నిచోట్ల రాపిడి లేకుండా కటకాన్ని పాదరసం తొట్టెలో తేల్చేవారు. ఆ ఆవిరిని ఏళ్లతరబడి పీల్చిన సంరక్షకుల ఆరోగ్యం సంగతి అప్పట్లో ఎవరూ ఆలోచించలేదు.

దీపాల్లో ఏ నూనె వాడేవారు?

19వ శతాబ్దం నడిమి వరకు ముఖ్యంగా స్పెర్మ్ తిమింగలం నూనె వాడేవారు. తిమింగలాలు తగ్గి దాని ధర ఆకాశానికి ఎక్కడంతో ప్రత్యామ్నాయాలు వెతికారు. స్మిత్‌సోనియన్ సంస్థ మొదటి కార్యదర్శి, భౌతికశాస్త్రవేత్త జోసెఫ్ హెన్రీ చేసిన ప్రయోగాల్లో, పందికొవ్వు నూనెను బాగా వేడిచేసి వాడితే చక్కగా మండుతుందని తేలింది. తర్వాత 1880ల నాటికి కిరసనాయిలు దాని స్థానం ఆక్రమించింది, ఆ తర్వాత విద్యుత్తు వచ్చింది.

రాత్రిపూట సముద్రంలో ఉన్న నావికుడికి ఏది ఏ దీపమో ఎలా తెలిసేది?

ప్రతి దీపానికీ వేరువేరు నడక ఉంటుంది. ఒకటి కదలకుండా వెలుగుతుంది, ఒకటి పది సెకన్లకొకసారి మెరుస్తుంది, ఇంకొకటి ఎరుపూ తెలుపూ మార్చిమార్చి చూపుతుంది. వీటన్నిటినీ అచ్చువేసిన పట్టికలను ఓడలో ఉంచుకుని, గడియారం చూస్తూ పోల్చుకునేవారు. పగటిపూట గుర్తుకు స్తంభాల మీది రంగులే ఆధారం. ఉత్తర కరోలినా తీరంలో కేప్ హట్టెరాస్ స్తంభానికి నలుపు తెలుపు పట్టీలు మెలితిరిగి ఉంటాయి, బోడీ ఐలండ్‌కు అవే రంగులు అడ్డపట్టీలుగా ఉంటాయి, కేప్ లుకౌట్‌కు వజ్రాకారపు గళ్లు ఉంటాయి, కరిటక్ బీచ్ స్తంభానికి రంగే వేయకుండా ఎర్ర ఇటుకలు అలాగే వదిలేశారు. ఇవి అందానికి వేసిన రంగులని చూడవచ్చినవారు అనుకుంటారు గాని, నావికుడికి అది ఊరిపేరు రాసిన బోర్డులాంటిది.

సముద్రం మధ్యలో, అలలు దాటిపోయే రాళ్ల మీద వీటిని ఎలా కట్టారు?

తప్పులు చేసి నేర్చుకున్నారు. బోస్టన్‌కు దక్షిణాన మైనట్స్ లెడ్జ్ అనే రాతి మెట్ట ఉంది. పోటు సమయంలో అది పూర్తిగా మునిగిపోతుంది. గోడకు అలలు కొడతాయి గాని సన్నటి కాళ్ల మధ్యనుంచి జారిపోతాయి కదా అనే ఆలోచనతో, రాతిలో తొలిచిన గుంతల్లో తొమ్మిది ఇనుప స్తంభాలు నిలబెట్టి, పైన గది కట్టి 1850 జనవరి 1న దీపం వెలిగించారు. మొదటి సంరక్షకుడు ఆ గది ఊగిపోతోందని మొరపెట్టుకుని పని మానుకున్నాడు. 1851 ఏప్రిల్‌లో పెద్ద తుపాను వచ్చినప్పుడు రెండవ సంరక్షకుడు ఒడ్డున ఉండిపోయాడు, పైన ఇద్దరు సహాయకులు జోసెఫ్ విల్సన్, జోసెఫ్ ఆంటోయిన్ ఉన్నారు. ఏప్రిల్ 16 రాత్రి కాళ్లు విరిగి కట్టడం సముద్రంలోకి ఒరిగిపోయింది. ఆ ఇద్దరూ దక్కలేదు.

రెండవసారి ఇనుము జోలికి పోలేదు. గ్రానైట్ రాళ్లను వడ్రంగి పలకలను కూర్చినట్లు ఒకదానిలో ఒకటి దూరేలా చెక్కి, ముందుగా ఒడ్డున పేర్చి సరిచూసుకుని, ఆ తర్వాతే మెట్ట మీదికి తీసుకెళ్లారు. అతి తక్కువ నీరున్న కాసేపట్లోనే పని జరగాలి. 1855లో మొదటి ఏడాది మొత్తంమీద మెట్ట మీద పనికి దొరికినది 130 గంటలే. 1860లో పూర్తయిన ఆ స్తంభం ఇప్పటికీ చెక్కుచెదరలేదు. 1894నుంచి దాని దీపం ఒకసారి, తర్వాత నాలుగుసార్లు, ఆపైన మూడుసార్లు మెరుస్తుంది. ‘నిన్ను ప్రేమిస్తున్నాను’ అనే అర్థమిచ్చే ఇంగ్లీషు వాక్యంలోని మూడు మాటల అక్షరాల లెక్క అదేనని ఒడ్డునున్న జంటలు కనిపెట్టి, దానికి ప్రేమదీపమని పేరు పెట్టుకున్నారు.

ఇసుక, బురద ఉన్న చోట్ల మరొక పద్ధతి పనికొచ్చింది. ఐర్లండుకు చెందిన అలెగ్జాండర్ మిచెల్ అనే అంధ ఇంజనీరు, ఇనుప కాళ్ల అడుగున పెద్ద మరలు అమర్చి, వాటిని తిప్పుతూ సముద్రగర్భంలోకి దించే ఉపాయం కనిపెట్టాడు. ఆ రకం అమెరికాలో మొదట 1850లో డెలావేర్ అఖాతంలోని బ్రాండీవైన్ షోల్‌లో కట్టారు. చెసపీక్ అఖాతంలో వీటిని విరివిగా కట్టారు గాని, చలికాలంలో కొట్టుకొచ్చే మంచుగడ్డలు చాలావాటిని లాగిపారేశాయి. 1875 నాటి థామస్ పాయింట్ షోల్ దీపగృహం మాత్రం కట్టినచోటే ఉంది.

పడమటి తీరంలో కష్టం ఇంకో రకం. ఒరెగన్ తీరానికి అవతల ఉన్న టిల్లమూక్ రాక్ మీద దిగబోయి 1879లో మేస్త్రీ జాన్ ట్రెవావస్ మునిగిపోయాడు. అయినా పని ఆపకుండా 1881 జనవరిలో దీపం వెలిగించారు. 1957లో దాన్ని మూసేశాక చేతులు మారి, 1980లో చితాభస్మం దాచే కలశాల భవనమైంది. దీపస్తంభాలకు వచ్చిన కొత్త ఉద్యోగాలన్నిటిలోనూ ఇంతకంటే వింతది మరొకటి లేదేమో. కాలిఫోర్నియా ఉత్తర కొసన సెయింట్ జార్జి రీఫ్ మీది దీపస్తంభానికి పదేళ్లు పట్టింది, సుమారు 7 లక్షల డాలర్లు ఖర్చయింది. 1892లో వెలిగిన ఆ దీపస్తంభం అప్పటికి దేశంలోకెల్లా ఖరీదైనది.

సంరక్షకుల జీవితం ఎలా ఉండేది? ఆడవాళ్లు ఆ పని చేశారా?

పొద్దుగూకే వేళకు దీపం వెలిగించడం, రాత్రి మధ్యలో లేచి వత్తి కత్తిరించి నూనె పోయడం, కటకం తిప్పే యంత్రానికి కీ ఇవ్వడం, తెల్లారాక గాజు, ఇత్తడి తుడవడం, దినచర్య పుస్తకంలో గాలీ వానా పోయిన ఓడలూ రాయడం వారి పని. లైట్‌హౌస్ బోర్డు తనిఖీ అధికారులు చెప్పకుండా వచ్చి వంటిల్లు కూడా చూసేవారు.

ఆడవాళ్లు చాలామందే చేశారు. తరచుగా భర్తో తండ్రో చనిపోయాకో, మంచాన పడ్డాకో ఆ బాధ్యత వారి మీద పడేది. రోడ్ ఐలండ్‌లోని లైమ్ రాక్‌లో ఐడా లూయిస్ తండ్రికి పక్షవాతం వచ్చాక చిన్న వయసులోనే దీపం చూసుకుంటూ, చలినీళ్లలో మునిగిపోతున్న 18 మందిని పడవ వేసుకెళ్లి కాపాడినట్లు ప్రభుత్వ లెక్కల్లో ఉంది. ఇరవై ఏళ్లకు పైగా ఆ పని చేశాకగాని, 1879లో ఆమెను అధికారికంగా సంరక్షకురాలిగా నియమించలేదు. 1911లో చనిపోయేదాకా ఆమె అక్కడే పనిచేసింది, తర్వాత ఆ రాతికే ఆమె పేరు పెట్టారు. మెయిన్ రాష్ట్రపు మాటినికస్ రాక్‌లో 1856 జనవరిలో సామాన్ల కోసం ఒడ్డుకు వెళ్లిన తండ్రి తుపానువల్ల వారాలపాటు తిరిగి రాలేకపోతే, పదహారేళ్ల ఆబీ బర్జెస్ జబ్బుమనిషైన తల్లినీ చెల్లెళ్లనూ చూసుకుంటూ రెండు స్తంభాల దీపాల్లో ఒక్కదాన్నీ ఆరనివ్వలేదు. నీళ్లు ఇంట్లోకి వస్తుంటే ఆమె పరుగెత్తుకెళ్లి కోళ్లను కూడా లోపలికి తెచ్చుకుంది.

అంతర్యుద్ధంలో దీపస్తంభాలు ఏమయ్యాయి?

ఉత్తరాది నౌకాదళానికి దారి కనబడకూడదని 1861లో దక్షిణాది రాష్ట్రాలు తమ తీరాన్ని దాదాపు పూర్తిగా చీకటి చేసుకున్నాయి. కటకాలను ఊడదీసి, దూదిలో చుట్టి, పల్లెల్లో దాచారు. కొన్ని స్తంభాలను పేల్చేశారు. యుద్ధం తర్వాత వాటిని వెతికి తెచ్చి, మరమ్మతులకు పారిస్ పంపి, మళ్లీ నిలబెట్టడానికి ఏళ్లు పట్టింది.

కేప్ హట్టెరాస్ దీపస్తంభాన్ని నిజంగానే జరిపారా?

నిజంగానే జరిపారు. అమెరికాలోకెల్లా ఎత్తయిన ఈ ఇటుక దీపస్తంభం 1870 డిసెంబరులో వెలిగింది. పునాదినుంచి కొలిస్తే ఎత్తు 200 అడుగుల పైమాట. దాని ఎదుట ఉన్న డైమండ్ షోల్స్ అనే ఇసుక తిప్పలమీద లెక్కలేనన్ని ఓడలు పగిలాయి, ఆ సముద్ర భాగానికి అట్లాంటిక్ శ్మశానం అన్న పేరు ఊరికే రాలేదు. కట్టేటప్పుడు ఇసుకలోకి పునాది గుంజలు దిగగొట్టడం సాధ్యంకాక, మంచినీటి ఊట మట్టానికి కింద పసుపు పైన్ దుంగలను రెండు వరసలుగా పరిచి, వాటిమీద రాయి, ఇటుక కట్టారు. నీటిలో మునిగి గాలి తగలని కలప పుచ్చదు. 1999లో తవ్వి చూసినప్పుడు ఆ దుంగలు గట్టిగానే ఉన్నాయి.

కట్టిననాడు సముద్రం సుమారు 1,500 అడుగుల దూరంలో ఉండేది. కోత అప్పటినుంచీ ఆగలేదు. 1936లో అధికారులు ఆశ వదులుకుని దీపాన్ని లోపలివైపు ఉన్న ఒక ఇనుప చట్రం మీదికి మార్చారు, 1950లో మళ్లీ వెనక్కి తెచ్చారు. 1980ల చివరకు దూరం 120 అడుగులకు తగ్గింది. అక్కడే రాతికట్టలు పెంచి కాపాడాలా, స్తంభాన్నే జరపాలా అన్నదానిమీద పెద్ద వాదన నడిచింది. జరిపితే ఇటుకలు విడిపోతాయని స్థానికుల్లో చాలామంది భయపడ్డారు, ఆ భయం అర్థంలేనిదని అనలేం. జాతీయ శాస్త్రపరిషత్తు సంఘం 1988లోనే జరపడమే మేలని చెప్పినా, డబ్బు మంజూరై పని మొదలవడానికి దశాబ్దం పట్టింది.

పనివారు పాత పునాది రాతిని కొంచెంకొంచెంగా కోసి తీస్తూ, ఆ స్థానంలో ఉక్కు దూలాలు దూర్చి, వంద జాకీలతో ఏకకాలంలో సుమారు ఆరడుగులు పైకెత్తారు. తర్వాత ఉక్కు పట్టాల మీద పెట్టి, వెనకనుంచి జాకీలతో ఒక్కో విడత ఐదడుగుల చొప్పున తోశారు. గోడలకు అమర్చిన పరికరాలు ఒంపును, అదురును నిరంతరం కొలుస్తుండేవి. 4,800 టన్నుల పైచిలుకు బరువున్న ఆ స్తంభం 1999 జూన్ 17న కదిలి, 2,900 అడుగులు నడిచి, జులై 9న కొత్త చోటికి చేరింది. ఆ నవంబరులో మళ్లీ వెలిగింది. జరిపాక సముద్రానికీ దానికీ మధ్య దూరం సుమారుగా 1870లో ఉన్నంత అయింది. కేప్ కాడ్‌లోని హైలాండ్ లైట్‌ను 1996లో, మార్తాస్ విన్‌యార్డ్‌లోని గే హెడ్ లైట్‌ను 2015లో ఇలాగే జరిపారు. రాతికట్టలు ఒకచోట ఇసుకను ఆపి పక్కవారి తీరాన్ని కోసేస్తాయి కాబట్టి, జరపడమే న్యాయమని ఈ పేజీ రాసినవారికి అనిపిస్తుంది.

కాపాడలేకపోయినవి ఉన్నాయా?

ఉన్నాయి. డెలావేర్‌లోని కేప్ హెన్లోపెన్ దీపస్తంభం వలసకాలం నాటిది. అడుగున ఇసుక దిబ్బ కరిగిపోతుంటే ఏళ్లతరబడి చూస్తూ ఉండి, 1926 ఏప్రిల్ 13న అది కూలిపోయాక అందరూ వగచారు. అలాస్కాలో యునిమాక్ దీవి మీది స్కాచ్ క్యాప్ దీపస్తంభం ఉక్కు కాంక్రీటుతో కట్టినది. 1946 ఏప్రిల్ 1 తెల్లవారుజామున వచ్చిన సునామీ దాన్ని, అందులో ఉన్న ఐదుగురు తీర రక్షక సిబ్బందితో సహా తుడిచిపెట్టింది.

కూలకపోయినా ఒంటరిదైపోయినది దక్షిణ కరోలినాలోని మోరిస్ ఐలండ్ దీపస్తంభం. 1876లో దీవి మధ్యన, ఇళ్ల నడుమ కట్టారు. చార్ల్‌స్టన్ రేవును లోతు చేయడానికి 19వ శతాబ్దం చివర కట్టిన రాతి జెట్టీలు ఇసుక ప్రవాహాన్ని మళ్లించడంతో దీవి కోసుకుపోయింది. 1962లో దీపం ఆర్పేశారు. ఇప్పుడు నాలుగువైపులా నీరు, మధ్యన స్తంభం. మనిషి కట్టినదే దానికి శత్రువైంది కాబట్టి, దాని పునాది చుట్టూ ఉక్కు రేకుల కంచె వేసి కాపాడటానికి మనుషులే డబ్బు పోగుచేయవలసి వచ్చింది.

స్వేచ్ఛా ప్రతిమ (స్టాచ్యూ ఆఫ్ లిబర్టీ) కూడా దీపస్తంభమేనట, నిజమా?

1886నుంచి 1902 వరకు నిజంగా లైట్‌హౌస్ బోర్డు ఆధీనంలోనే ఉంది. విద్యుద్దీపం పెట్టిన తొలి దీపస్తంభాల్లో అది ఒకటి. చేతిలోని కాగడా వెలుగు ఓడలకు సరిగా ఆనేది కాదు, కాబట్టి దీపస్తంభంగా అది విఫలమైందనే చెప్పాలి.

ఇప్పుడు సంరక్షకులు ఎవరైనా ఉన్నారా? జీపీఎస్ వచ్చాక దీపాలు ఎందుకు?

1939లో దీపస్తంభాల శాఖను తీర రక్షక దళంలో కలిపారు. 1960ల చివరనుంచి ఒక్కొక్కదానికే స్వయంచాలక దీపాలు అమర్చుతూ మనుషులను తీసేశారు. కాంగ్రెస్ 1989లో చేసిన చట్టంవల్ల బోస్టన్ లైట్‌లో మాత్రం మనిషి ఉండాలన్న నియమం మిగిలింది. దాని దీపం కూడా 1998లో స్వయంచాలకమైంది. అక్కడి డెబ్బయ్యవ సంరక్షకురాలు, ఆ పదవిలో మొదటి మహిళ అయిన శాలీ స్నోమన్ 2023 చివర పదవీ విరమణ చేయడంతో, అమెరికాలో ప్రభుత్వ దీపస్తంభ సంరక్షకుల వరస ముగిసింది.

పరికరం పాడైనా, సంకేతం అందకపోయినా కంటికి కనిపించే దీపం పనికొస్తుంది కాబట్టి చాలా దీపాలను ఇంకా ఉంచారు. చిన్న పడవలవారు ఇప్పటికీ వాటిని చూసుకునే నడుపుతారు.

దీపస్తంభాన్ని మామూలు మనిషి కొనుక్కోవచ్చా?

కొనుక్కోవచ్చు. తీర రక్షక దళానికి కట్టడంతో పనిలేదని తేలితే, 2000 నాటి చారిత్రక దీపస్తంభాల పరిరక్షణ చట్టం ప్రకారం దాన్ని ముందుగా స్థానిక ప్రభుత్వాలకు, లాభాపేక్ష లేని సంఘాలకు ఉచితంగా ఇవ్వజూపుతారు. తీసుకునేవారు మరమ్మతులకు, ప్రజల సందర్శనకు హామీ ఇవ్వాలి. ఎవరూ ముందుకు రాకపోతే వేలం వేస్తారు. ఇప్పటివరకు 150కి పైగా ఇలా చేతులు మారాయి. పాటలో ధర తక్కువగా పలికినంత మాత్రాన మురిసిపోకూడదు. నీటి మధ్యన ఉన్న ఇనుప కట్టడానికి ఏటా తుప్పు గీకి రంగు వేయించడం, సిమెంటు సంచి ఒక్కొక్కటీ పడవలో తీసుకెళ్లడం కొన్నవారి నెత్తినే పడుతుంది. లోపల దీపం ఇంకా వెలుగుతుంటే, దాన్ని చూసుకోవడానికి తీర రక్షక దళంవారిని ఎప్పుడైనా రానివ్వాలి కూడా.

న్యూజెర్సీలో ఉన్న తెలుగువారు దగ్గరలో ఏది చూడవచ్చు?

శాండీ హుక్ ఎడిసన్ ప్రాంతంనుంచి పిల్లలతో ఒకరోజులో చూసి రాగలిగినంత దగ్గర. దానికి ఎదురుగా కొండమీద నేవసింక్ జంట స్తంభాలు ఉన్నాయి. అమెరికాలో మొదటి ఫ్రెనెల్ కటకం వెలిగిన చోటు అదే కాబట్టి, రెండూ కలిపి చూస్తే పైన చెప్పిన ప్లెజంటన్ కథ సగం కళ్లముందు కనిపిస్తుంది.

అమెరికా ఓడకూ, తెలుగు తీరపు దీపస్తంభానికీ సంబంధం ఉందంటారు. ఏమిటది?

అమెరికా నావికాదళానికి చెందిన శాక్రమెంటో అనే యుద్ధనౌక 1867 జూన్ 19న గోదావరి ముఖద్వారం దగ్గర, కాకినాడకు దక్షిణాన ఉన్న ఇసుక తిప్పలమీద ఎక్కి పగిలిపోయింది. ఓడలోనివారంతా బతికి బయటపడ్డారు, ఓడ మాత్రం దక్కలేదు. ఆ తిప్పకు శాక్రమెంటో షోల్ అన్న పేరు స్థిరపడింది, గోదావరి డెల్టా తీరంలో అక్కడి దీపస్తంభానికీ అదే పేరు. కాలిఫోర్నియా నదిపేరు కోనసీమ చేపల పడవలవారి నోట ఇప్పటికీ వినబడటానికి కారణం ఆ ఓడ ప్రమాదమే.